కూర్మయ్య కలువ

అసిరమ్మకి కోపం వస్తే వీధంతా తెలిసేది. గిన్నెలు మోగేవి, కోళ్ళు చెదిరిపోయేవి, మొగుడు నూకయ్య చేనికి కాపలా ఉందని చెప్పి బయటపడేవాడు. పగ పడితే మాత్రం ఎవరికీ తెలిసేది కాదు. చుట్ట నిప్పు కొసని నోట్లోకి పెట్టుకుని, అడ్డపొగ తాగుతూ, గొడ్లచావిడి అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళని నవ్వుతూ పలకరించేది. కోపం పాలపొంగులాంటిది, నాలుగు చుక్కలు నీళ్ళు చల్లితే దిగిపోతుంది. పగ ఊకలో నిప్పు. పైకి బూడిదే కనపడుతుంది, లోపల తన పాటికి తాను కాలుతూ ఉంటుంది. అరవై ఎనిమిదో సంవత్సరం శ్రావణంలో అసిరమ్మ కడుపులో పడ్డ నిప్పు కార్తీకం దాకా అలాగే కాలింది. కారణం ఒక కలువ మొక్క.

గజపతినగరానికి దగ్గర్లో, చంపావతి ఏటి ఒడ్డున ఉన్న పల్లె వాళ్ళది. నూకయ్య, జగన్నాధం అన్నదమ్ములు. ఒకప్పుడు ఒకటే ఇల్లు. పంపకాలనాడు నడిమికి గోడ లేచి రెండిళ్ళయింది. ముసలి అత్తగారు రెండువైపులా తిరగడానికని గోడకి ఒక తలుపు ఉంచారు. అత్తగారు పోయినా తలుపు మిగిలిపోయింది. గోడకి ఇవతల నూకయ్య, అసిరమ్మ, రాగులు పండే చోడిచేను, రెండు ఎడ్లు. అవతల జగన్నాధం, అతని భార్య లక్ష్మీనరసమ్మ, పెంకుటిల్లు, పంచాయతీ ప్రెసిడెంటు హోదా. లక్ష్మీనరసమ్మ అసిరమ్మని సొంత అక్కలా అప్పా అని పిలిచేది. పిలుపులో ఎప్పుడూ తేడా రాలేదు. అందుకే ఆమెని పట్టుకోవడం కష్టం.

అసిరమ్మ తండ్రి కూర్మయ్య జమీందారు బంగళాలో తోటమాలి. ఆ బంగళా ముందర గుండ్రటి కొలనులో ఎవరో దొర తన చలిదేశం నుంచి తడినాచులో చుట్టి తెచ్చి వేసిన కలువ ఉండేది. మన చెరువుల్లో కలువలాంటిది కాదు. మన కలువ ఆకు అంచు రంపంలా ఉంటుంది, దాని ఆకు అప్పడంలా నున్నగా ఉంటుంది. మన పువ్వు కాడ మీద నిక్కి నిలబడుతుంది, అది నీళ్ళ మీదే వాలి కూర్చుంటుంది. లేత గులాబీ రంగు, నడుమ పసుపు. మన కలువకి కింద గుండ్రటి దుంప ఉంటుంది, దానికేమో పసుపుకొమ్ములా అడ్డంగా పాకే కొమ్ము. జమీందారీలు పోయాక బంగళాకి తాళం పడింది, కొలను ఎండిపోయింది. ఆఖరి రోజున కూర్మయ్య పగుళ్ళిచ్చిన బురదలో చెయ్యిపెట్టి, బతికున్న ఒక్క కొమ్ముని తడితువ్వాల్లో చుట్టుకుని, నడిచి నడిచి కూతురింటికి తెచ్చాడు.

గొడ్లచావిడి వెనక, ఒకప్పుడు పశువులు నీళ్ళు తాగిన రాతితొట్టి ఉంటే అందులోనే వేశారు. ఎలా వెయ్యాలో కూర్మయ్య కూతురికి చేతులు పట్టుకుని నేర్పాడు. చెరువులోని బంకమట్టి తెచ్చి వెడల్పాటి బానలో నింపాలి. కొమ్ముని బాన అంచుకి ఆనించి ఏటవాలుగా పడుకోబెట్టాలి. మొలక వచ్చే కన్ను బాన నడుమకి చూస్తూ ఉండాలి, ఆ కన్ను మీద మట్టి పడకూడదు. పైన ఏటి ఇసక పరచాలి. బాన కింద ఇటుకలు పెట్టి, ఆకు పెరిగేకొద్దీ ఒక్కొక్క ఇటుకా తీస్తూ నీళ్ళలోకి దించాలి. 'పసిపిల్లకి నీళ్ళు పోసినట్టు' అనేవాడు. చెరువు కలువ దుంపని బురదలోకి ఎంత తొక్కినా బతుకుతుంది. దీన్ని అలా తొక్కితే కన్ను కుళ్ళి చస్తుంది. ఆ ఊళ్ళో ఇద్దరు ముగ్గురు అడిగి పట్టుకెళ్ళి, తమకి తెలిసిన కలువలాగే బురదలో పూడ్చి కుళ్ళబెట్టుకున్నారు.

అలా ఆ మొక్క అసిరమ్మ తొట్టిలోనే మిగిలింది. ఊరు దాన్ని కూర్మయ్య కలువ అంది. కూర్మయ్యకి కొడుకులు లేరు, సెంటు భూమి లేదు, అరుగు మీద పేరు చెక్కించుకున్న ఇల్లు లేదు. పొద్దెక్కాక మజ్జిగకి వచ్చిన ఆడవాళ్ళు తొట్టిలోకి తొంగి చూసి, కూర్మయ్య కలువ పూసిందే అని అనుకుంటూ పోయేవారు. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా అసిరమ్మకి తండ్రి తన చావిడి అరుగు మీదే కూర్చుని ఉన్నాడనిపించేది.

ఆ శ్రావణంలో కూర్మయ్య పోయాడు. అసిరమ్మ కర్మకాండలకి పుట్టింటికి వెళ్ళి, పెద్దకర్మ అయ్యాక తిరిగొచ్చింది. వచ్చీ రాగానే తొట్టి దగ్గరకి వెళ్ళింది. ఆకులు పండబారి అంచులు ముడుచుకుని ఉన్నాయి. నీళ్ళలోంచి కుళ్ళు వాసన. మోచేతి దాకా చెయ్యి పెట్టి తడిమితే కొమ్ము ముక్క తేలిపోయి చేతికొచ్చింది. ఒక కొస ముసలిది, మెత్తబడింది. రెండో కొస కొడవలితో ఏటవాలుగా కోసి ఉంది. కళ్ళున్న తలభాగం మొత్తం ఎవరో పట్టుకుపోయారు. వట్టి తోకముక్కని మాత్రం ఆకులతో సహా మట్టిలో గుచ్చి, నాలుగు రోజులు అనుమానం రాకుండా పెట్టారు.

ఎవరా అని వెతకాల్సిన పని పడలేదు. గోడ తలుపు తోసి చూసింది. అవతల పెరట్లో కొత్తగా సిమెంటుతో కట్టిన గుంట. పంచాయతీ బావి వరల పేరు మీద వచ్చిన సిమెంటు అన్న మాట వీధిలో ఉండనే ఉంది. లక్ష్మీనరసమ్మ దాన్ని కొలను అనేది. వీధి మాత్రం నరసమ్మ గుంట అనేది. నీళ్ళ మీద అప్పడాల్లాంటి చిన్న చిన్న ఆకులు.

అసిరమ్మ గొంతు ఎత్తకుండానే అడిగింది.

"ఒలే నరసమ్మా, నా తొట్టిలో సెయ్యెవులు పెట్టినారు?"

"నాకేటి తెలుస్తాదప్పా?" అంది లక్ష్మీనరసమ్మ, బియ్యంలో రాళ్ళేరుకుంటూ. "ఇది మా మావ పర్లాకిమిడి నుండి తెచ్చినాడు. లచ్చిమి కలువ. అమ్మోరి పేరు పెట్టుకున్నాం."

అమ్మవారి పేరో, తన పేరో వీధికి తెలియనిది కాదు. కానీ ప్రెసిడెంటు పెళ్ళాంతో ఎవరు వాదిస్తారు? వారం తిరగకుండా నాలుగిళ్ళలో లక్ష్మీ కలువ అనే మాట మొదలైంది. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడంటారు. ఇక్కడ చచ్చిపోయినవాడి సొమ్ముకి తోటికోడలు బారసాల చేసింది.

నూకయ్య చల్లగా చెప్పాడు, పోనీలే, మొక్కే కదా, నలుగురి నోళ్ళలో పడకు అని. అసిరమ్మ అతనికి చోడిసంకటి వడ్డించి, ఆ రోజుకి కొత్త చుట్ట ముట్టించింది. నవ్వుతూ కూర్చుంది. మొక్క పోయినందుకు కాదు ఆమె బాధ. ఆ మొక్కతో పాటు తండ్రి పేరు కూడా గోడ దాటిపోయింది. అది తిరిగి రావాలి. దొంగతనంగా కాదు, పట్టపగలు, పదిమంది చూస్తుండగా, తీసినవాళ్ళ చేత్తోనే తిరిగి రావాలి. అప్పటిదాకా తొట్టిలో నీళ్ళు పొయ్యకూడదనుకుంది.

భాద్రపదం వచ్చేసరికి పగకి ఒక చిక్కు వచ్చిపడింది. అవతలి గుంటలో ఆకులు పెద్దవవడం మానేసి చిన్నబోతున్నాయి. గోడ మీంచి చూసిన అసిరమ్మకి చూడగానే అర్థమైంది. లక్ష్మీనరసమ్మ కూడా చెరువు కలువ దుంపలాగే కొమ్ముని బురదలోకి తొక్కింది. ఇంకొన్నాళ్ళు చూస్తే కన్ను కుళ్ళుతుంది, మొక్క చస్తుంది, లక్ష్మీనరసమ్మ మొహం మాడిపోతుంది. చేతులు ముడుచుకుని కూర్చుంటే చాలు. అసిరమ్మ ఒక పూటంతా అలా చేతులు ముడుచుకుని కూర్చుంది కూడా. కానీ లోకంలో మిగిలింది ఆ ఒక్క కొమ్మే. దొర దేశం ఎక్కడో, బంగళా కొలను ఎక్కడో. అది చస్తే కూర్మయ్య కలువా ఉండదు, లక్ష్మీ కలువా ఉండదు. శత్రువు ఇల్లు తగలబెడదామని చూస్తే తన బిడ్డ ఆ ఇంట్లోనే నిద్రపోతున్నట్టుంది.

మర్నాడు పొద్దున్నే చీర కుచ్చెళ్ళు దోపుకుని గోడ తలుపు తోసుకుని వెళ్ళింది.

"పేనం పోతన్నాది దీనికి. కన్ను కప్పెట్టీసినావు. లేపి మల్లీ నాటాల, బేగి ఓ బాన తెప్పించు."

లక్ష్మీనరసమ్మ ఒక్క క్షణం అనుమానంగా చూసింది. అసిరమ్మ మొహంలో నవ్వు తప్ప ఏమీ కనపడలేదు. అప్పకి మతిమరుపు అనుకుందో, పగ లేని పిచ్చి మాలోకం అనుకుందో, పాలేరు సోములుని పిలిచి బాన తెమ్మంది. అసిరమ్మ మోకాటి లోతు నీళ్ళలో దిగి, కొమ్ముని బురదలోంచి వేళ్ళతో విడదీసింది. కన్ను ఇంకా ఉంది. గోరంత పచ్చగా, చుట్టూ నల్లబడుతూ. తన చీర కొంగుతో తుడిచింది. తండ్రి నేర్పినట్టే బాన అంచుకి ఏటవాలుగా పడుకోబెట్టింది. లక్ష్మీనరసమ్మ గట్టు మీద కూర్చుని, ఒక ముక్క విరిగి కొంగులో పడుతుందేమోనని రెప్ప వెయ్యకుండా కాపలా కాసింది.

దసరా వెళ్ళేదాకా అసిరమ్మ రోజూ వెళ్ళింది. వేరుశెనగ చెక్కని బంకమట్టిలో ఉండలు చేసి వేళ్ళ దగ్గర గుచ్చింది. ఆకుల వెనక అంటుకున్న నత్తల్ని ఏరి కోళ్ళకి వేసింది. ఎండ సోకడానికి మునగకొమ్మ ఒకటి నరికించింది. దోమల కోసం చెరువులో చిన్న చేపల్ని పట్టించి వదిలింది. వీధిలోవాళ్ళు మంచి మనసంటే అసిరమ్మదే అన్నారు. లక్ష్మీనరసమ్మ వచ్చినవాళ్ళకి గుంట చూపించి, మొక్క సంగతంతా తానే చెప్పేది. అప్ప ఊరికే సాయం చేస్తోంది అనేది. అసిరమ్మ నీళ్ళలో చేతులు పెట్టుకుని, తలెత్తకుండా వినేది.

దీపావళి నాడు లక్ష్మీనరసమ్మ అసలు మాట బయటపెట్టింది. కార్తీక పౌర్ణమికి తన కొలను గట్టున పేరంటం పెడుతుందట. విజయనగరంలో వీణ చెప్పే జగదీశ్వరమ్మగారు కార్తీకానికి ఎలాగూ ఊళ్ళోకి వస్తారు. ఆవిడ తండ్రీ తాతలూ ఈ ఊరి శివాలయంలో సేవ చేసినవాళ్ళు. ఆవిడ చేత పాడిస్తుందట. అరటిదొప్పల్లో దీపాలు వదిలి, పెట్రోమాక్సు ఆర్పేసి, చంద్రుడు పైకి రాగానే నీళ్ళ మీద లక్ష్మీ కలువలు విచ్చుకుంటుంటే వీధంతా చూడాలి.

అసిరమ్మ చేతిలోని నత్త జారిపోయింది. ఆమె తలెత్తి తోటికోడలు మొహంలోకి చూసింది. లక్ష్మీనరసమ్మ నిజంగానే అంటోంది. ఆమెకి తెలియదు.

తెలిసే దారీ లేదు. చెరువు కలువ చంద్రుడితో విచ్చుకుని, తెల్లారి ఎండ బాగా ఎక్కేదాకా ఉండి ముడుచుకుంటుంది. లక్ష్మీనరసమ్మ అసిరమ్మ తొట్టిలో పువ్వుని ఎప్పుడు చూసినా పొద్దున్న మజ్జిగ వేళే చూసింది. రాత్రి విచ్చిన పువ్వే ఇంకా ఉందనుకుంది. వీధంతా అలాగే అనుకుంది. మధ్యాహ్నం అందరూ పొలాల్లో ఉంటారు. దీపాలవేళ గొడ్లచావిడి వెనక్కి ఎవరూ రారు. అది పొద్దెక్కాక విచ్చుకుని, పొద్దు వాలేసరికి ముడుచుకునే పువ్వని కూర్మయ్యకి తెలుసు, కూతురికి తెలుసు. కలువంటే చంద్రుడిదే అని పుట్టినప్పట్నించీ వింటున్న ఊళ్ళో ఆ సంగతి చెప్పాలని వాళ్ళకి ఎప్పుడూ తోచలేదు.

"మంచిదే నరసమ్మా," అంది అసిరమ్మ. "పున్నమి నాటికి పూస్తాది. నాను పూయిస్తాను."

ఆ రోజునుంచి ఆమె చెక్క ఉండలు రెట్టింపు చేసింది. మొగ్గలు రావాలి. అవి పౌర్ణమికే రావాలి. ముందే వచ్చి పగలు విచ్చుకుంటే లక్ష్మీనరసమ్మ చూసేస్తుంది, పేరంటం పగటికి మారుతుంది, లక్ష్మీ కలువ పేరు ఇక రాతిమీద చెక్కినట్టే.

మొగ్గ ముందే వచ్చింది. పౌర్ణమికి ఇంకా నాలుగైదు రోజులుందనగా ఒక పొద్దున్న ఆకుల మధ్య నీళ్ళకి ఒక వేలు కింద కనపడింది. రేపు ఈ పాటికి విచ్చుకుంటుంది. తండ్రి పోయాక వస్తున్న మొదటి పువ్వు. అసిరమ్మ చుట్టూ చూసింది. లక్ష్మీనరసమ్మ వంటింట్లో ఉంది. అసిరమ్మ నీళ్ళలో చెయ్యి పెట్టి కాడ పట్టుకుంది. బంగళా ఎండిన నాడు తండ్రి ఈ మొక్క కోసం బురదలో ఎలా మోకాళ్ళ మీద పాకాడో ఆమె కళ్ళారా చూడలేదు, విన్నది అంతే. ఇప్పుడు చూసినట్టే ఉంది. "తప్పదు నాన్నా" అనుకుంది. గిల్లేసింది. మొగ్గ చేతిలో కోడిగుడ్డంత బరువుగా ఉంది. దాన్ని రవికలో దోపుకుని ఇంటికెళ్ళింది. ఆ తర్వాత ఇంకో మొగ్గకీ అదే గతి పట్టించింది. అడిగితే నత్తలు కొరికేశాయి అంది. నూకయ్య ఆ రెండు మొగ్గల్నీ చావిడి గూట్లో చూసి ఏమిటని అడగబోయి, భార్య మొహం చూసి నాగలి సరిచేసుకోవడానికి వెళ్ళిపోయాడు.

అసలైన మొగ్గలు ఆ వెనకాల గుంపుగా లేస్తున్నాయి. అవి పౌర్ణమి నాటి పొద్దుటికి సిద్ధమవుతాయని ఆమె వేళ్ళతో తడిమి లెక్కకట్టింది. ఇక పౌర్ణమి పగలు లక్ష్మీనరసమ్మ ఇంట్లో ఉండకూడదు. అందుకూ అసిరమ్మే దారి చూపింది. ఉపవాసం రోజున పుణ్యగిరి వెళ్ళి ధార కింద స్నానం చేసి వస్తే పేరంటానికి పుణ్యం తోడవుతుందంది. వీధి ఆడవాళ్ళందరూ కూడా అన్నారు. జగన్నాధం మోటారుకి చెప్పాడు. తెల్లారకుండా బయల్దేరి, దీపాలవేళకి రావాలని ఏర్పాటు. అసిరమ్మ మాత్రం మోకాళ్ళ నొప్పులని ఆగిపోయింది. ఎవరైనా ఉండి గుంటకి కాపలా కాయాలి కదా, బాతులు దిగితే ఎలా అంది. లక్ష్మీనరసమ్మ ఆమె రెండు చేతులూ పట్టుకుని, నువ్వుండబట్టి నిశ్చింతగా వెళ్తున్నానప్పా అని మరీ వెళ్ళింది.

ఆ రోజు ఎండ చిక్కగా కాసింది. మగవాళ్ళు చేలకి పోయారు, వీధిలో మనిషి అలికిడి లేదు. గట్టు మీద అసిరమ్మ ఒక్కతే. పొద్దు మునగచెట్టు పైకి వచ్చేసరికి మొదటి మొగ్గ చివర పగిలింది. తర్వాత పక్కది. ఒక్కో రేకు వెనక్కి వాలుతుంటే ఆమె చుట్ట ఆరిపోయిన సంగతి కూడా చూసుకోలేదు. గుంట నిండా లేత గులాబీ పువ్వులు, నడుమ పసుపు దీపాల్లా. ఒక్కదాన్నే చూస్తున్నాను, అయినా చాలు అనుకుంది. మధ్యాహ్నం తిరిగేదాకా తండ్రితో ఏవో మాట్లాడుతూనే ఉంది. పొద్దు వాలుతుంటే ఒక్కొక్కటే తలుపులు మూసుకున్నాయి. చీకటి పడేవేళకి మళ్ళీ మొగ్గల్లాగే ఉన్నాయి, ఏమీ జరగనట్టు.

పుణ్యగిరి నుంచి వచ్చిన లక్ష్మీనరసమ్మ తడిజుట్టుతోనే గుంట దగ్గరకి పరిగెత్తింది. మూసుకున్న పువ్వుల్ని చూసి చేతులు జోడించింది. ఇన్ని మొగ్గలా అని మురిసిపోయింది. ఇక చంద్రుడు రావడమే తరువాయి.

చంద్రుడు వచ్చాడు. వెండిపళ్ళెంలా, మచ్చలేని ఆకాశంలో. గట్టుకి నాలుగువైపులా అరటిపిలకలు, జంపఖానా, పసుపు, కుంకుమ, శనగలు. వీధి ఆడవాళ్ళంతా వచ్చారు. మగవాళ్ళు అరుగు మీద సర్దుకున్నారు. అరటిదొప్పల్లో దీపాలు వదిలారు. పెట్రోమాక్సు ఆర్పారు. జగదీశ్వరమ్మగారు ఒక కీర్తన పాడింది. అందరి కళ్ళూ నీళ్ళ మీదే. మొగ్గలు కదల్లేదు.

ఇంకో కీర్తన పాడింది. చంద్రుడు కొబ్బరిచెట్టు తల దాటాడు. మొగ్గలు కదల్లేదు. వెనక వరసలో శనగలు నములుతున్న చప్పుడు పెరిగింది. అవి కూడా ఉపాసం ఉన్నాయేమో అని ఎవరో అన్నారు. పుణ్యగిరి ఎల్లొచ్చి అలిసిపోయినాయి అని ఇంకొకరు.

"లచ్చిమి కలువ పొద్దోయేసరికి తొంగుంటాదేటమ్మా?" అంది కొస ఇంటి నారాయణమ్మ. నవ్వు ఆడవాళ్ళ మధ్య నుంచి అరుగు మీదకి పాకింది. జగన్నాధం దగ్గాడు.

లక్ష్మీనరసమ్మ లేచి నిలబడింది. మొహం వెన్నెల్లో కూడా కందిపోయి కనపడుతోంది. వరసల్లో వెతికి వెతికి అసిరమ్మని పట్టుకుంది.

"ఏటి సేసినావప్పా నా మొక్కని? పొద్దల్లా నువ్వొక్కదానివే ఉన్నావు. ఏటి కలిపినావు నీళ్ళలో?"

నవ్వు ఆగిపోయింది. అసిరమ్మ నోట్లోంచి చుట్ట తీసి, నేల మీద రాసి ఆర్పి, కొంగున ముడేసుకుంది. ఇన్ని నెలలుగా నోట్లో నిప్పులాగే దాచుకున్న మాట అది.

"నీ మొక్కైతే, అది ఎప్పుడు ఇచ్చుకుంటాదో నీకు తెల్దేటే నరసమ్మా?"

లక్ష్మీనరసమ్మ మొగ్గల వైపు తిరిగి చూసింది.

"పర్లాకిమిడి మావ సెప్పనేదా?" అంది అసిరమ్మ, అదే మెల్లటి గొంతుతో. "ఇది సెంద్రుడి పువ్వు కాదు. పొద్దెక్కినాక ఇచ్చుతాది, పొద్దోలితే ముడుసుకుంటాది. ఈ పొద్దు కూడా పూసినాది. నాను సూసినాను. మా నాన్నుంటే ఆడూ సూద్దుడు."

జగదీశ్వరమ్మగారు ఒడిలో చేతులు పెట్టుకుని అంతా వింది. బంగళా కొలనులో పగలు పూసే కలువని చిన్నప్పుడు తన తండ్రితో వెళ్ళి చూశానంది. కూర్మయ్య అనే తోటమాలి వాటి దగ్గరకి పిల్లల్ని రానిచ్చేవాడు కాదంది. ఆమె లక్ష్మీనరసమ్మ వైపు తిరిగింది.

"ఇది ఆ మొక్కేనా అమ్మా?"

పదిమందీ చూస్తున్నారు. లక్ష్మీనరసమ్మ మొగుడి వైపు చూసింది. జగన్నాధం ప్రెసిడెంటు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక దీపాల వైపు చూస్తున్నాడు. అలా చూస్తూనే, సెప్పీయే, ఇంకేటుంది అన్నాడు. ఆమె చెప్పలేదు. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఇంట్లోకి వెళ్ళిపోయింది. చెప్పినదానికంటే అది గట్టిగానే వినపడింది.

రేపు ఎండెక్కాక రండి, చూపిస్తానని అసిరమ్మ అందరికీ పేరుపేరునా చెప్పింది. తన పెరడైనట్టే చెప్పింది.

మర్నాడు రాకుండా ఎవరుంటారు? చేలకి వెళ్ళాల్సినవాళ్ళు కూడా కొడవళ్ళు భుజాన వేసుకుని వచ్చి నిలబడ్డారు. ప్రెసిడెంటు ఇల్లు కాబట్టి పొమ్మనడానికీ లేదు. ఎండ గుంట మీద పడ్డాక పువ్వులన్నీ విచ్చుకున్నాయి. కొస ఇంటి నారాయణమ్మ, నిన్న నవ్వినామే, ముందుగా ఆ మాట అంది. "కూర్మయ్య కలువ." తర్వాత ఎవరి నోట విన్నా అదే మాట. జగదీశ్వరమ్మగారు ఒక పువ్వు అడిగి తీసుకుని, శివుడి దగ్గర పెట్టేటప్పుడు కూర్మయ్య గోత్రం కనుక్కుంది. లక్ష్మీనరసమ్మ వంటింటి కిటికీ వెనక నిలబడి అన్నీ వింది.

జనం వెళ్ళిపోయాక, అసిరమ్మ ఊహించినంత సేపు కూడా పట్టలేదు. గోడ అవతల లక్ష్మీనరసమ్మ గొంతు, సోములుని కేకేసి పిలుస్తోంది. నీళ్ళలో ఎవరో దిగిన చప్పుడు. బాన పగిలిన చప్పుడు. తర్వాత గోడ మీంచి బురద చిమ్ముతూ ఒక ముద్ద వచ్చి అసిరమ్మ చావిడి ముందు దబ్బున పడింది. ఆకులు, కాడలు, విచ్చిన పువ్వులు, అన్నిటి మధ్యా బొటనవేలంత లావున కొమ్ము.

"నీ బాబు కలువ నువ్వే ఉంచుకో" అంది గోడ అవతలి గొంతు.

"ఏటన్నావు? మల్లీ అనే," అంది అసిరమ్మ. "ఎవుల కలువ?"

అవతలి నుంచి తలుపు వేసుకున్న చప్పుడు మాత్రం వచ్చింది. ఆ తలుపు తర్వాత చాలాకాలం తెరుచుకోలేదు.

అసిరమ్మ చావిడి వెనక్కి నడిచింది. రాతితొట్టిని ఆమె దీపావళి వెళ్ళీ వెళ్ళగానే బూడిదతో తోమి తుడిచి పెట్టింది. బంకమట్టి మెత్తగా పిసికి బానలో సిద్ధంగా ఉంది, ఏటి ఇసక గోతాంలో ఉంది, ఇటుకలు వరసగా పేర్చి ఉన్నాయి. పొద్దుటే తొట్టి నిండా నీళ్ళు పోసింది. శ్రావణం తర్వాత అవే మొదటి నీళ్ళు. నూకయ్య అది చూసి, ఈ ఆడదాంతో ఇన్నేళ్ళు కాపురం చేసి బతికి ఉన్నందుకు తన అదృష్టాన్ని తలుచుకున్నాడు. కొమ్ముని కడిగి, కుళ్ళినంత మేర కోసి, కళ్ళు లెక్కపెట్టుకుని, అంచుకి ఏటవాలుగా పడుకోబెట్టింది.

మరుసటి ఏడాదికి తొట్టి చాలక ఇంకో తొట్టి వెయ్యాల్సి వచ్చింది. అడిగినవాళ్ళందరికీ అసిరమ్మ ముక్కలిచ్చింది. పేరు చెప్పించుకుని, నాటడం చూపించి మరీ ఇచ్చింది. ఊళ్ళో అరడజను తొట్లలో కూర్మయ్య కలువ పూసింది. నరసమ్మ గుంటలో మాత్రం నాచు పట్టింది. దూడకి నీళ్ళు పెట్టడానికి వాడేవారు, అదీ దూడకి ఇష్టం లేకపోయింది.

చివరికి ఒక వేసంగి పొద్దున లక్ష్మీనరసమ్మ వీధి గుమ్మంలోంచి వచ్చింది. చేతిలో చిన్న మామిడికాయల బుట్ట ఉంది. అరుగు మీద కూర్చుని ఎండల సంగతి, ఎడ్ల సంగతి మాట్లాడింది. అసిరమ్మ నవ్వుతూ విన్నది.

"ఓ ముక్కియ్యప్పా," అంది లక్ష్మీనరసమ్మ ఆఖరికి, నేల చూస్తూ.

"దేని ముక్క?"

"అదే. కలువ."

"ఏ కలువ? ఇనపడనేదు."

లక్ష్మీనరసమ్మ పెదవి కొరుక్కుంది. "కూర్మయ్య కలువ."

అసిరమ్మ లేచి తొట్టి దగ్గరకి వెళ్ళింది. మోచేతి దాకా చెయ్యి పెట్టి, కొమ్ము పొడుగునా బొటనవేలితో నిదానంగా తడిమింది. ముసలి కొస దగ్గర పుటుక్కున విరిచింది. మంచి ముక్క, బరువైనది. దాన్ని తడిగోనెలో పదిలంగా చుట్టి తోటికోడలి చేతుల్లో పెట్టింది. బంకమట్టి వాడమంది, అంచుకి ఏటవాలుగా పెట్టమంది, ఇసక పరచమంది, ఇటుకలు ఒక్కొక్కటే తియ్యమంది, నత్తలు ఏరమంది. తండ్రి నేర్పింది నేర్పినట్టు, ఒక్క మాట దాచకుండా చెప్పింది. లక్ష్మీనరసమ్మ కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళింది.

ఆ ముక్కకి కన్ను లేదు.